కలం స్నేహం: రెండు తరగతి గదుల మధ్య ఉత్తరాలు నడిపించడం ఎలా?

సెలవులు గడిపిన తీరును వివరిస్తూ మిత్రునికి లేఖ రాయమనే ప్రశ్న తెలుగు వాచకాల్లోనూ, పరీక్ష పత్రాల్లోనూ తరచూ కనిపిస్తుంది. విద్యార్థి పైన కుడివైపు ఊరి పేరు, తేదీ వేస్తాడు. ‘ప్రియమైన మిత్రునికి’ అని మొదలుపెడతాడు. చివర గడి గీసి, అందులో ఊహించుకున్న చిరునామా రాస్తాడు. ఉపాధ్యాయుడు మార్కులు వేస్తారు. ఆ ఉత్తరం ఎవరికీ చేరదు. దానికి జవాబు కూడా రాదు.

ఆ గడిలో నిజమైన చిరునామా ఉంటే పరిస్థితి మారుతుంది. ఎదుటివారికి తన ఊరు తెలియదని, తన పండుగ తెలియదని విద్యార్థి గ్రహిస్తాడు. ‘గొబ్బెమ్మ’ అని రాసి ఊరుకోలేడు, అదేమిటో చెప్పవలసి వస్తుంది. రెండు పాఠశాలల తరగతులు పరస్పరం ఉత్తరాలు రాసుకునే పద్ధతి వెనుక ఉన్న విద్యాసూత్రం ఇదే.

శతాబ్దం నాటి ప్రయోగం

ఈ పద్ధతిని బోధనలో భాగంగా తీర్చిదిద్దిన వారిలో ఫ్రాన్స్‌కు చెందిన ఉపాధ్యాయుడు సెలెస్తాన్ ఫ్రెనే ముఖ్యుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో తీవ్రంగా గాయపడిన ఆయన 1920లో దక్షిణ ఫ్రాన్స్‌లోని బార్-సుర్-లూ గ్రామ పాఠశాలలో చేరారు. తరగతిలో చిన్న ముద్రణ యంత్రం ఏర్పాటు చేసి, పిల్లలు తమ అనుభవాలను తామే రాసి, తామే అచ్చువేసుకునేలా చేశారు. 1924లో ఫ్రాన్స్‌కు మరో కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతంలో రెనే దానియల్ అనే ఉపాధ్యాయుడి తరగతితో ఆ అచ్చు కాగితాల మార్పిడి మొదలైంది. కొండప్రాంతపు పిల్లలు, సముద్రతీరపు పిల్లలు ఒకరి జీవితం గురించి మరొకరు చదువుకున్నారు. నేటికీ ఫ్రెనే పద్ధతిని అనుసరించే పాఠశాలల్లో తరగతుల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలకు ప్రధాన స్థానం ఉంది.

తర్వాతి దశాబ్దాల్లో ఇది సంస్థాగత రూపం దాల్చింది. ఫిన్లాండ్‌లోని తుర్కు నగరం కేంద్రంగా 1952లో ఏర్పడిన ఇంటర్నేషనల్ యూత్ సర్వీస్ వివిధ దేశాల విద్యార్థులకు కలం స్నేహితులను జతచేసేది. ఈ-మెయిల్ వ్యాప్తితో ఆదరణ తగ్గి, 2008లో అది మూతపడింది. 1996లో ఈపాల్స్, 2005లో ఐరోపా కమిషన్ ఆధ్వర్యంలో ఈ-ట్విన్నింగ్ వంటి వేదికలు వచ్చి తరగతుల జోడింపును ఇంటర్నెట్‌కు మళ్లించాయి.

కాగితపు ఉత్తరం మాత్రం పూర్తిగా కనుమరుగు కాలేదు. 192 సభ్య దేశాలున్న విశ్వ తపాలా సమాఖ్య 1971 నుంచి ఏటా 9 నుంచి 15 ఏళ్ల పిల్లలకు అంతర్జాతీయ లేఖారచన పోటీ నిర్వహిస్తోంది. భారత తపాలా శాఖ 2017లో ‘ఢాయీ ఆఖర్’ పేరిట జాతీయ లేఖారచన పోటీని ప్రారంభించింది. అయితే పోటీకి పంపిన ఉత్తరానికి బహుమతి రావచ్చు గాని జవాబు రాదు. తరగతుల మధ్య మార్పిడికీ దీనికీ ఉన్న తేడా అదే.

సరిహద్దు దాటిన ఉత్తరాలు

దక్షిణాసియాలో ఈ పద్ధతికి బాగా తెలిసిన ఉదాహరణ ‘ఎక్స్ఛేంజ్ ఫర్ చేంజ్’. పాకిస్తాన్‌కు చెందిన సిటిజన్స్ ఆర్కైవ్ ఆఫ్ పాకిస్తాన్, ఢిల్లీ కేంద్రంగా పనిచేసే రూట్స్ టు రూట్స్ సంస్థలు 2010లో దీన్ని ప్రారంభించాయి. రెండు దేశాల నగరాల్లోని పాఠశాలల పిల్లలు చేతిరాత ఉత్తరాలు, పోస్టుకార్డులు, బొమ్మలు పరస్పరం పంపుకున్నారు. ఇంట్లోని పెద్దలను అడిగి తెలుసుకున్న పాత సంగతులనూ పంచుకున్నారు. టీవీ వార్తల్లో మాత్రమే పరిచయమైన పొరుగు దేశం నుంచి తన పేరు రాసి ఉన్న కాగితం రావడం ఆ పిల్లలకు కొత్త అనుభవం.

ఇటువంటి బంధం ఎంత సున్నితమైనదో తర్వాతి పరిణామాలు చూపాయి. ఈ మార్పిడిలో భాగంగా 2017 మే ఆరంభంలో సుమారు 50 మంది పాకిస్తానీ విద్యార్థులు భారత్‌కు వచ్చారు. అదే సమయంలో నియంత్రణ రేఖ వద్ద భారత జవాన్ల హత్యతో ఉద్రిక్తతలు పెరగడంతో పర్యటన అర్ధాంతరంగా ముగిసింది. 2019 ఆగస్టులో పాకిస్తాన్ భారత్‌తో తపాలా మార్పిడిని నిలిపివేసి, నవంబరులో ఉత్తరాలకు తిరిగి అనుమతించింది. పహల్గామ్ దాడి అనంతరం 2025 మే 3న భారత ప్రభుత్వం పాకిస్తాన్ నుంచి విమాన, ఉపరితల మార్గాల్లో వచ్చే అన్ని రకాల ఉత్తరాలు, పార్సిళ్ల మార్పిడిని నిలిపివేసింది.

పిల్లల ఉత్తరాలు ఇటువంటి నిర్ణయాలను మార్చలేవు. వాటి నుంచి అంతటి ఫలితాన్ని ఆశించడమూ సమంజసం కాదు. అవతల ఉన్నది తన ఈడు పిల్లవాడేనని, అతనికీ లెక్కల పరీక్ష అంటే భయమేనని తెలియడమే వాటి ప్రయోజనం. విదేశాలతో మార్పిడి తలపెట్టే పాఠశాలలు ముందుగా ఆ దేశానికి తపాలా సేవలు నడుస్తున్నదీ లేనిదీ ప్రధాన తపాలా కార్యాలయంలో తెలుసుకోవడం అవసరం.

జోడీ కుదుర్చుకోవడం

విదేశం వెతకనవసరం లేకుండానే మార్పిడి ప్రారంభించవచ్చు. 2015 అక్టోబరు 31న ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కార్యక్రమం రాష్ట్రాలను జంటలుగా కలిపింది. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హరియాణా జంట రాష్ట్రాలయ్యాయి. పాఠశాల విద్యార్థులకు 22 భారతీయ భాషల్లో సరళమైన వాక్యాలు పరిచయం చేసే ‘భాషా సంగమ్’ కూడా ఇందుకు తోడ్పడుతుంది. తాను నేర్చుకున్న నాలుగు పంజాబీ వాక్యాలను పంజాబ్ పిల్లవాడికే రాసినప్పుడు ఆ అభ్యాసానికి అర్థం ఏర్పడుతుంది.

జోడీ విజయం పాఠశాలల పేరుప్రతిష్ఠల మీద కన్నా ఇద్దరు ఉపాధ్యాయుల పట్టుదల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మొదటి ఉత్తరం రాయించే ముందే వారిద్దరూ కొన్ని విషయాలు తేల్చుకోవాలి: ఏ భాషలో రాయాలి, ఏడాదికి ఎన్ని విడతలు, ఏ తేదీకి పంపాలి, ఆలస్యమైతే ఎవరు ఎవరికి తెలపాలి. ఏడాదికి మూడు లేదా నాలుగు విడతలు చాలు. నెలకొక ఉత్తరమని ఉత్సాహంగా మొదలుపెట్టి రెండో నెలలోనే ఆపడం కన్నా ఇది మేలు.

సెలవుల పట్టికలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఉత్తరాది రాష్ట్రాల్లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై, వేసవి సెలవుల తర్వాత కొనసాగుతుంది. దసరా, సంక్రాంతి, పరీక్షల రోజులు తీసివేస్తే జూలై నుంచి ఫిబ్రవరి వరకు ఇరువైపులా అనుకూలమైన కాలం. అమెరికా, ఐరోపా బడులతో అయితే సెప్టెంబరు తర్వాతే ఆరంభించాలి.

లెక్క సరిపోకపోతే?

ఒక తరగతిలో 40 మంది, మరో తరగతిలో 32 మంది ఉండటం సర్వసాధారణం. అప్పుడు చిన్న తరగతిలో చురుగ్గా రాయగల ఎనిమిది మందికి ఇద్దరేసి స్నేహితులను కేటాయించవచ్చు. లేదా నలుగురేసి విద్యార్థులను బృందాలుగా చేసి, బృందానికి ఒక ఉత్తరం చొప్పున రాయించవచ్చు. రాతలో వెనుకబడిన పిల్లలకు బృంద పద్ధతి ధైర్యాన్నిస్తుంది.

ఈ కార్యక్రమంలో అసలు ప్రమాదం జవాబు రాని పిల్లవాడి రూపంలో ఎదురవుతుంది. అందరి చేతుల్లో ఉత్తరాలుండి తన చేయి ఖాళీగా ఉన్న రోజును ఆ పిల్లవాడు చాలాకాలం మరచిపోడు. అవతలి విద్యార్థి జబ్బు పడి ఉండవచ్చు, బడి మారి ఉండవచ్చు. కారణం ఏదైనా బాధ ఇవతలివాడిదే. అందువల్ల కట్ట విప్పగానే పంచకూడదు. ఉపాధ్యాయుడు ముందు ఒంటరిగా విప్పి, హాజరుపట్టీతో సరిచూసుకోవాలి. ఎవరికైనా ఉత్తరం లేకపోతే అవతలి ఉపాధ్యాయుడికి వెంటనే తెలిపి, అది వచ్చాకే అందరికీ కలిపి ఇవ్వాలి. పంపే ముందు కూడా ఇదే నియమం: ఒక్కరి ఉత్తరం తగ్గినా కట్ట కట్టకూడదు. పదే పదే గైర్హాజరయ్యే విద్యార్థికి బదులు రాసేందుకు ఇద్దరు ముగ్గురిని ముందే ఎంచి ఉంచడం మంచిది.

ఖర్చు ఎంత?

తపాలా కార్డు ధర 50 పైసలు, ఇన్‌లాండ్ లెటర్ రూ.2.50. 20 గ్రాముల లోపు కవరుకు రూ.5 చాలు. 40 మంది తరగతికి ఒక విడతకు కార్డులైతే రూ.20, ఇన్‌లాండ్ లెటర్లయితే రూ.100, విడివిడి కవర్లయితే రూ.200 అవుతుంది. అన్నిటినీ ఒకే కట్టగా స్పీడ్‌పోస్టులో పంపితే ఎక్కడున్నదీ తెలుసుకునే వీలుంటుంది, ఒకటి అరా తప్పిపోయే భయం ఉండదు. అయితే పిల్లలు తమ చేతులతో చిరునామా రాసి, ఎర్ర డబ్బాలో వేయడంలో ఒక పాఠం ఉంది. 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చిన ఆరంకెల పిన్‌కోడ్ ఎలా పనిచేస్తుందో, తెలుగు రాష్ట్రాల కోడ్‌లన్నీ 5తోనే ఎందుకు మొదలవుతాయో అప్పుడే చెప్పవచ్చు. మొదటి విడత కట్టగా, చివరి విడత కార్డుల రూపంలో పంపితే రెండు ప్రయోజనాలూ నెరవేరతాయి.

ఏం రాయించాలి?

‘నా పేరు ఫలానా, నేను బాగున్నాను, నువ్వు బాగున్నావా’ అన్న మూడు వాక్యాలతో ఆగిపోయే ఉత్తరానికి జవాబు రాయడం కష్టం. పాత తెలుగు ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అన్న ఒక్క మాటతో క్షేమ సమాచారాలు ముగించి, అసలు విషయానికి వచ్చేవారు. ఆ క్రమం ఇప్పటికీ పనికొస్తుంది. బడికి వచ్చే దారి, మధ్యాహ్న భోజనంలో ఇష్టమైన రోజు, ఊరి చెరువు, అమ్మమ్మ చేసే పచ్చడి, వానాకాలంలో ఆడే ఆట వంటి చిన్న విషయాలు పెద్ద వ్యాసాల కన్నా బాగా పలుకుతాయి. ప్రతి ఉత్తరంలోనూ ఎదుటివారు అడిగిన ఒక ప్రశ్నకు జవాబు, కొత్తగా ఒక ప్రశ్న తప్పక ఉండాలి. ఆ ఒక్క నియమం బంధాన్ని నిలబెడుతుంది.

ఉపాధ్యాయుడు ప్రతి తప్పునూ ఎర్రసిరాతో దిద్దితే ఉత్తరం మళ్లీ పరీక్ష పత్రమైపోతుంది. అర్థం చెడే చోట మాత్రమే సూచన చేసి, తక్కినది పిల్లలకే వదిలివేయాలి. ఆర్థిక స్థాయిలో వ్యత్యాసమున్న బడుల మధ్య మార్పిడిలో మరింత జాగ్రత్త అవసరం. బహుమతులు పంపే ఆనవాయితీ మొదలైతే ఇవ్వలేని పిల్లలు వెనక్కి తగ్గుతారు. కాగితం మీద పట్టేవి మాత్రమే పంపాలన్న నియమం ఇరువైపులా సమానత్వాన్ని కాపాడుతుంది. విదేశాలకు విత్తనాలు, మొక్కల భాగాలు, ఆహార పదార్థాలు పంపడానికి క్వారంటైన్ నిబంధనలు అడ్డువస్తాయి కాబట్టి వాటి జోలికి పోకూడదు.

పిల్లల భద్రత

ఉత్తరాలన్నీ బడి చిరునామాకే రావాలి, బడి చిరునామా నుంచే వెళ్లాలి. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, సామాజిక మాధ్యమాల ఖాతాల వివరాలు రాయకూడదని పిల్లలకు ముందే చెప్పాలి. వచ్చే, వెళ్లే ఉత్తరాలను ఉపాధ్యాయుడు చదువుతారన్న సంగతి కూడా వారి నుంచి దాచకూడదు. తల్లిదండ్రులకు కార్యక్రమాన్ని వివరించి, రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఈ-మెయిల్ లేదా వీడియో ద్వారా జరిపే మార్పిడికి ఇది మరింత ముఖ్యం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారినందరినీ బాలలుగా పరిగణిస్తుంది. వారి సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి తప్పనిసరి అంటుంది.

ఒక్కొక్కసారి ఉత్తరంలో ఇంటి కష్టాలు, భయాలు బయటపడతాయి. ఎదురుగా ఉన్న పెద్దలకు చెప్పలేనిది దూరపు స్నేహితుడికి చెప్పడం పిల్లలకు తేలిక. అటువంటి ఉత్తరాన్ని పక్కన పడేయకుండా, తరగతిలో చర్చకు పెట్టకుండా, ఆ బిడ్డతో విడిగా మాట్లాడటం ఉపాధ్యాయుడి బాధ్యత. అత్యవసరమైతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌ను సంప్రదించవచ్చు.

తెలుగులోనే మార్పిడి

తెలుగు నేర్చుకునే పిల్లలు రెండు రాష్ట్రాలకే పరిమితం కాదు. తమిళనాడులోని హోసూరు, ఒడిశాలోని బరంపురం ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలున్నాయి. మారిషస్ పాఠశాలల్లో తెలుగు ఒక పాఠ్యాంశం. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థలు వారాంతపు తరగతులు నడుపుతున్నాయి. ఇంట్లో మాట్లాడటమే తప్ప తెలుగులో రాయవలసిన అవసరమే రాని ఆ పిల్లలకు, తెలుగులో జవాబు కోసం ఎదురుచూసే ఒక స్నేహితుడు ఉండటం గట్టి కారణమవుతుంది. ఇక్కడి పిల్లలకు అదే ఉత్తరం దూరదేశపు తెలుగు బతుకును చూపుతుంది.

ముగింపు ఉత్తరం

చాలా మార్పిడులు వేసవి సెలవులతో చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి. పిల్లలు మాత్రం జూన్‌లో మళ్లీ ఉత్తరం కోసం చూస్తారు. అందుకే చివరి విడతను ముందే నిర్ణయించి, అది వీడ్కోలు ఉత్తరమని ఇరువైపులా చెప్పి రాయించాలి. అందిన ఉత్తరాలు బడి బీరువాలో దాచడానికి కావు, ఎవరివి వారికే ఇచ్చివేయాలి. పూర్వం ఉత్తరాలు ‘ఇంతే సంగతులు, చిత్తగించవలెను’ అని ముగిసేవి. ఇక సంగతులు లేవన్న మాటను కూడా ఎదుటివారికి తెలియజేయడం ఆనాటి మర్యాద.