బ్యాంకులను ఆదుకొన్న సొమ్ము - దాని లెక్క

ఉగాదినాడు పంచాంగ శ్రవణములో మనము ముందుగా చెవియొగ్గి వినేది మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అనే మాటయే. సొంత ఊరు విడిచి రామనగుడ వంటి చోట్ల స్థిరపడిన కుటుంబములకు పిల్లల చదువుకైనా, పెండ్లికైనా బ్యాంకులో దాచుకొన్న డబ్బే ఆధారము. అందుచేత, మునిగిపోతున్న బ్యాంకును ప్రభుత్వము ఆదుకొన్నప్పుడు ఆ ఆదాయవ్యయములు ఎవరికి చెప్పినారో తెలిసికొనుట మనకు అవసరము.

పూర్వము బ్యాంకు మునిగితే డబ్బు దాచినవాడు కూడ మునిగేవాడు. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసి ఎన్నో కుటుంబములను వీధిపాలు చేసినది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన తరువాత, 1962లో డిపాజిట్లకు బీమా ఏర్పడినది. మొదట దాని పరిమితి 1,500 రూపాయలు మాత్రమే. 2020లో అది 5 లక్షలైనది.

మన తెలుగువారి అనుభవము హైదరాబాదులోనే ఉన్నది. 1994లో అక్కడ రమేష్ గెల్లిగారి ఆధ్వర్యమున గ్లోబల్ ట్రస్టు బ్యాంకు వెలసి, త్వరలోనే మంచి పేరు తెచ్చుకొన్నది. 2002 మార్చి నాటి పద్దులలో ఆ బ్యాంకు లాభము చూపినది. రిజర్వు బ్యాంకు తనిఖీ చేయగా, అప్పులు పోను మిగిలిన ఆస్తి శూన్యము కన్న తక్కువని తేలినది. ఆ సంగతి ఖాతాదారులకు వెంటనే తెలియలేదు. 2004 జూలై 24న ప్రభుత్వము చెల్లింపులు నిలిపివేసి, ఒక్కొక్కరు 10,000 రూపాయల వరకే తీసికొనవచ్చునన్నది. ఆగస్టు 14న ఆ బ్యాంకును ప్రభుత్వరంగములోని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపినారు. డిపాజిటుదారుల సొమ్ము దక్కినది. వాటాదారులకు చిల్లిగవ్వయైనా రాలేదు.

డిపాజిట్లను కాపాడుట ధర్మమే. దానిని మనము మెచ్చుకొనవలసినదే. కాని తనిఖీలో తేలిన నిజము మరుగున ఉండగా, ఆ పద్దులను నమ్మి డబ్బు వేసినవారి మాట ఏమిటి?

నిజము చెప్పితే జనము ఒక్కసారిగా బ్యాంకు మీద పడతారని అధికారులు అంటారు. అందులో కొంత సత్యము లేకపోలేదు. ఆదుకొనే ఏర్పాటు జరిగే కొద్ది రోజులు గుట్టు అవసరమే కావచ్చును. ఆ ఏర్పాటు ముగిసిన పిమ్మట కూడ మూత ఎందుకు?

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నములో లక్ష రూపాయల మూలధనముతో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పినారు. 1980లో అది ప్రభుత్వపరమైనది. మొండి బాకీలు పెరిగిపోగా, 2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము 12 బ్యాంకులకు ప్రకటించిన 48,239 కోట్లలో ఆంధ్రా బ్యాంకు వంతు 3,256 కోట్లు. మరుసటి ఏడు ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. ఆ మూలధనము కొరకు ప్రభుత్వము బాండ్లు జారీ చేసినది. వాటి వడ్డీ ఖజానా నుండి పోవలసినదే. ఖజానా నిండేది మనము కట్టే పన్నులతోనే.

2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. దాని క్రింద పౌరులు బ్యాంకుల తనిఖీ వివరములు అడిగితే రిజర్వు బ్యాంకు నిరాకరించినది. 2015 డిసెంబరు 16న సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, రిజర్వు బ్యాంకు కాపాడవలసినది ప్రజాప్రయోజనమును గాని బ్యాంకుల గుట్టును కాదని తీర్పు చెప్పినది. ఆ తరువాత కూడ ఆ తీర్పును తప్పించుకొనవలెనని బ్యాంకులు న్యాయస్థానము మెట్లెక్కినవి.

మేము రైల్వేలో టిక్కెట్ల లెక్క, పైకము లెక్క సరిపడనిదే కిటికీ వద్దనుండి లేవము. పది రూపాయలు తగ్గినా సంజాయిషీ వ్రాసి ఇవ్వవలసినదే. ఆ నియమము వేల కోట్లకు వర్తించకపోవుట న్యాయము కాదు. ఎంత ఇచ్చినారు, ఎవరి అప్పుల వలన ఇవ్వవలసి వచ్చినది, వారి నుండి తిరిగి ఎంత రాబట్టినారు - ఈ మూడింటిని ప్రతి ఏటా ప్రజలకు చదివి అర్థమయ్యే మాటలలో ప్రకటించవలెను. అడుగుటకు మనకు హక్కు ఉన్నది, ఏలననగా ఆ సొమ్ము మనది.