అచ్చు పుట నుంచి అంతర్జాలానికి: చరిత్ర వ్యాస రచయిత తెలుసుకోవలసినవి

నర్సీపట్నంలో ఉంటూ, మన్యం చరిత్ర మీద ముప్ఫై ఏళ్లుగా పత్రికలకు వ్యాసాలు రాస్తున్న ఒక రచయితను ఊహించుకోండి. ఆయనకు భాష మీద పట్టు ఉంది, ఆధారాలు సేకరించే ఓపిక ఉంది. ఇప్పుడు ఆ వ్యాసాలను అంతర్జాలంలో ప్రచురించాలనుకుంటున్నారు. అచ్చులో అలవాటైన పద్ధతులు కొన్ని ఇక్కడ పనికివస్తాయి, కొన్ని పనికిరావు. కారణం తెలియాలంటే అంతర్జాలంలో తెలుగు నడిచివచ్చిన దారిని కొంత చూడాలి.

1990ల తొలినాళ్లలో కంప్యూటరు తెర మీద తెలుగు లిపిని చూడటమే కష్టంగా ఉండేది. అమెరికాలోని తెలుగువారు రోమన్ అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. ఇందుకు రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతి ఆర్.టి.ఎస్. పేరుతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆ తరవాత తెలుగు ఫాంట్లు వచ్చాయి కాని, ఒక్కో సంస్థ ఒక్కో ఫాంటు వాడేది. ఆ ఫాంటు పాఠకుడి కంప్యూటరులో లేకపోతే వ్యాసం అర్థంలేని గుర్తుల వరసగా కనిపించేది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరికినా, అది సామాన్యుల వాడుకలోకి రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, తరవాత వచ్చిన లేఖిని వంటి ఉపకరణాలు ఆ అలవాటును పెంచాయి.

ఇది పాత కథ కాదు. నేటికీ డీటీపీ సెంటర్లలో చాలా పని అను ఫాంట్లలోనే జరుగుతోంది. అక్కడి ఫైలును ఉన్నదున్నట్టు అంతర్జాలంలో పెడితే దానిలోని మాటలను ఏ యంత్రమూ వెతికి పట్టుకోలేదు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, సున్నలు, అంకెలు తారుమారు కావచ్చు. చరిత్ర వ్యాసంలో 1922 కాస్తా 1932 అయితే వాక్యం చదవడానికి బాగానే ఉంటుంది, విషయం మాత్రం తప్పవుతుంది. కాబట్టి మొదట అంకెలనూ, పేర్లనూ విడిగా సరిచూసుకోవాలి.

ఇక శీర్షిక. పత్రికలో శీర్షిక పాఠకుణ్ణి ఆకర్షిస్తే చాలు, ఇక్కడ వెతికేవాడికి దొరకాలి కూడా. 'రంప తిరుగుబాటు' అనే పేరునే తీసుకోండి. 1879లో రంప ప్రాంతంలో చెలరేగిన పితూరీకీ ఇదే పేరు, 1922-24లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికీ ఇదే పేరు. రెంటి మధ్య నలభై ఏళ్లకు పైగా దూరం ఉంది. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో ఈ పోరాటాలను 'గూడెం-రంప' పితూరీలుగా కలిపి పరిశీలించాడు. మన రచయిత శీర్షికలోనే సంవత్సరం పెట్టి, మొదటి పేరాలో 'మన్యం పోరాటం', 'రంప పితూరీ' అనే వాడుక పేర్లు కూడా ఇస్తే గందరగోళం చాలావరకు తగ్గుతుంది. ఊరి పేరు విషయంలోనూ అంతే: నర్సీపట్నం, నరసీపట్నం అని రెండు రకాలుగా రాస్తున్నారు. ఒకటి ఎంచుకొని, రెండోదాన్ని ఒక్కసారైనా చెప్పాలి.

ఆధారాల గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' చలనచిత్రం తెలుగువారి మనసుల్లో ఎంత బలంగా నాటుకుందంటే, సినిమా ఊహించిన సన్నివేశానికీ, రికార్డులో ఉన్న సంఘటనకూ తేడా చెరిగిపోయింది. అంతర్జాలంలో ఒక వ్యాసాన్ని చూసి మరొకటి రాయడం తేలిక కనుక ఈ కల్పనలు ఇంకా వేగంగా పాకుతాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగిందని రాసినప్పుడు ఆ తేదీ ఎక్కడిదో, ఏ పుస్తకం, ఏ ఫైలు అన్నది పక్కనే ఉండాలి. మద్రాసు ప్రభుత్వ పత్రాలను చూసి ఉంటే జీవో సంఖ్య ఇవ్వాలి. పత్రికలో స్థలం లేదని సంపాదకుడు ఆధారాలను కత్తిరిస్తాడు. ఇక్కడ ఆ సాకు లేదు.

అచ్చయిన వ్యాసం మారదు, అంతర్జాలంలోది మారుతుంది. 2022 ఏప్రిల్ 4 వరకు నర్సీపట్నం, చింతపల్లి రెండూ విశాఖపట్నం జిల్లాలోనివే. ఆ రోజు నుంచి నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకీ, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ వెళ్లాయి. సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది. పాత వ్యాసంలో జిల్లా పేరు మార్చవచ్చు, కాని మార్చిన తేదీ చెప్పకుండా మారిస్తే నిన్న ఉటంకించినవాడు అబద్ధికుడవుతాడు. మొదటి ప్రచురణ తేదీ, సవరణ తేదీ, ఏం సవరించారో ఒక వాక్యం, ఈ మూడూ వ్యాసం కింద ఉండాలి.

పత్రికలో వచ్చిన వ్యాసాన్ని తిరిగి ప్రచురించే హక్కు ఎవరిది? భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం, ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసినవాడు లిఖితపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప హక్కు అతనిదే. బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా భావిస్తారు. పాత ఒప్పందాలను ఒకసారి తీసి చూడటం మంచిది.

వికీపీడియాలో రాయబోయే అనుభవజ్ఞులకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. అక్కడ మౌలిక పరిశోధనను అంగీకరించరు. గూడెం వృద్ధుల నుంచి మీరు స్వయంగా సేకరించిన కథనం ఎంత విలువైనదైనా, ముందు వేరేచోట ప్రచురితం కావాలి. పండితులకు ఇది అవమానంగా తోస్తుంది, నిజానికి అది వారి పరిశోధనను తక్కువ చేయడం కాదు. విజ్ఞాన సర్వస్వం పని వేరు, పరిశోధన పత్రిక పని వేరు.

చివరిగా, భద్రత. 2009లో జియోసిటీస్ సేవ మూతపడినప్పుడు అందులోని లెక్కలేనన్ని వ్యక్తిగత పుటలు కనుమరుగయ్యాయి. వ్యాసం ప్రచురితమైన రోజే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పుటను భద్రపరచవచ్చు, దానికి రుసుము లేదు. ఒక ప్రతి సాదా టెక్స్ట్ ఫైలుగా మీ దగ్గర, మరో ప్రతి అచ్చువేసి నర్సీపట్నం గ్రంథాలయంలో ఉంచండి.