ఇప్పుడు కొనుటయా, ఆగుటయా? – డిజిటల్ కెమెరా చరిత్ర

నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. ఆలస్యము చేసిన అమృతము కూడ విషమగునని చెప్పువారును వారే. ఏటేటా గుణము పెరుగుచు, వెల తగ్గుచు పోవు వస్తువును కొనదలచినవానికి ఈ రెండు మాటలలో దేనిని పాటింపవలెనో తోచదు. ఇప్పుడు కొన్నచో వచ్చే ఏడు ఇంతకంటె మంచిది, ఇంతకంటె చౌకగా దొరకును. ఆగినచో ఆ పై ఏడు మరింత మంచిది వచ్చును. ఈ లెక్కన ఎన్నటికిని కొనుట జరుగదు. ఈ చిక్కు డిజిటల్ కెమెరా విషయములో చాల స్పష్టముగా కనబడినది. దాని చరిత్రను పరిశీలించినచో ఈ ప్రశ్నకు ఊహతో గాక లెక్కతో సమాధానము చెప్పవచ్చునని తెలియును.

ఫిల్ము కెమెరాల కాలములో ఈ చిక్కు అంతగా లేదు. 1839లో ఫ్రాన్సు దేశమున డాగెర్ కనిపెట్టిన ఛాయాచిత్ర పద్ధతి లోకమునకు వెల్లడియైనది. 1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ 25 డాలర్ల వెలకు కోడక్ కెమెరాను అమ్మకమునకు తెచ్చెను. అందులో నూరు ఫొటోలకు సరిపడు ఫిల్ము చుట్ట ఉండెను. అప్పటినుండి నూరేండ్ల వరకు ఫొటో నాణ్యము చాలవరకు కటకముమీదను, ఫిల్ముమీదను ఆధారపడియుండెను. మేలైన ఫిల్ము క్రొత్తగా వచ్చినప్పుడు దానిని పాత కెమెరాలోనే వేసికొనవచ్చును. తండ్రి నలుపు తెలుపు ఫొటోలు తీసిన కెమెరాతో కొడుకు రంగుల ఫొటోలు తీయగలిగెను. డిజిటల్ కెమెరాలో అట్లు కుదరదు. ఫిల్ము స్థానములో ఉండు కాంతి గ్రాహకము, అనగా సెన్సారు, కెమెరాలోనే బిగింపబడియుండును. సెన్సారు పాతబడినచో కెమెరాయే పాతబడును. కొనుటయా, ఆగుటయా అను ప్రశ్న ఇచటనే పుట్టినది.

ఆ సెన్సారు ఎట్లు పనిచేయునో చూతము. సిలికను పలకపై కాంతి పడినప్పుడు అందలి ఎలక్ట్రానులు కొన్ని విడివడును. కాంతి ఎక్కువైనకొలది విడివడు ఎలక్ట్రానులును ఎక్కువగును. పలకను సూక్ష్మమైన గళ్లుగా విభజించి, ఏ గడిలో ఎంత విద్యుదావేశము చేరెనో కొలిచినచో చిత్రమంతయు అంకెల పట్టికగా మారును. ఒక్కొక్క గడిని పిక్సెల్ అందురు. పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో విల్లర్డ్ బోయిల్, జార్జి స్మిత్ అను శాస్త్రజ్ఞులు సి.సి.డి. అను సాధనమును రూపొందించిరి. వరుసగా నిలిచిన పనివాండ్రు నీటి బిందెలను చేతినుండి చేతికి అందించుచు, గట్టుపై నున్నవానిచే కొలిపించినట్లుగా, ఈ సాధనము ఆవేశమును గడినుండి గడికి జరిపి అంచున కొలుచును. ఇందులకు వారిరువురును 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానమును మరియొకరితో పంచుకొనిరి.

1975లో కోడక్ కంపెనీలో పనిచేయుచుండిన స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు సి.సి.డి.తో ఒక కెమెరాను కూర్చెను. దాని బరువు 3.6 కిలోగ్రాములు. అడ్డమునకు నూరు, నిలువునకు నూరు, మొత్తము 10,000 పిక్సెళ్లు. ఒక్క నలుపు తెలుపు ఫొటోను క్యాసెట్టు టేపుపై ఎక్కించుటకు 23 సెకనులు పట్టెను. ఇది ఫిల్ముతో పోటీపడుట ఎప్పటికని అధికారులు అడుగగా, 15 నుండి 20 ఏండ్లు పట్టునని సాసన్ అంచనా వేసెను. ఆ లెక్కను మనమును వేయవచ్చును. మామూలు ఫిల్ముతో తూగుటకు 20 లక్షల పిక్సెళ్లు కావలెననుకొందము. అది 10,000కు 200 రెట్లు. ఒకే చిప్పుపై పట్టు భాగముల సంఖ్య సుమారు రెండేండ్లకొకసారి రెట్టింపగునని గోర్డన్ మూర్ 1975లో చెప్పెను. ఎనిమిది మారులు రెట్టించినచో 256 రెట్లగును. ఎనిమిది రెళ్లు పదహారు. 1975కు పదహారు కలిపిన 1991.

సరిగా 1991లోనే కోడక్ కంపెనీ నైకాన్ ఎఫ్3 కెమెరాకు 13 లక్షల పిక్సెళ్ల సెన్సారును అమర్చి అమ్మకమునకు పెట్టెను. వెల సుమారు 20,000 డాలర్లు. ఫొటోలను నిలువచేయు పెట్టెను వేరుగా భుజమునకు తగిలించుకొనవలెను. అట్టి దానిని కొన్నవారు తెలివితక్కువవారు కారు. వార్తాపత్రికవారికి ఫిల్ము కడిగి ఆరబెట్టు వ్యవధి కూడ విలువైనదే. డిజిటల్ ఫొటోను టెలిఫోను తీగద్వారా కార్యాలయమునకు పంపవచ్చును.

ఇంటి అవసరమునకు కొనువారి లెక్క వేరు. 1994లో ఆపిల్ కంపెనీ క్విక్‌టేక్ 100 అను కెమెరాను 749 డాలర్లకు అమ్మెను. దాని ఫొటో అడ్డమునకు 640, నిలువునకు 480 పిక్సెళ్లు. ఆ ప్రమాణమున ఎనిమిది ఫొటోలు మాత్రమే పట్టును. 1999లో వచ్చిన నైకాన్ డి1లో 27 లక్షల పిక్సెళ్లు. వెల 6,000 డాలర్లకు లోపు. 2003లో 63 లక్షల పిక్సెళ్లుగల కానన్ 300డి కటకముతో సహా 1,000 డాలర్లకే వచ్చెను. 1991నుండి పండ్రెండేండ్లలో వెల ఇరువదవ వంతునకు దిగెను. పిక్సెళ్లు ఐదు రెట్లకు దగ్గరగా పెరిగెను. దీనిని చూచినచో ఆగినవాడే గెలిచెనని తోచును. కాని ఎంతవరకు ఆగవలెను?

దీనికి సమాధానము మన కంటిలోనే ఉన్నది. 25 సెంటీమీటర్ల దూరమున పెట్టి చూచునప్పుడు, అంగుళమునకు 300 చుక్కలున్నచో సామాన్యముగా కంటికి చుక్కలు విడివిడిగా కనబడవు. ఆరంగుళములు, నాలుగంగుళములు కొలతగల ఆల్బము ఫొటోకు 1800ను 1200చే గుణింపగా 21 లక్షల 60 వేల పిక్సెళ్లు చాలును. పది అంగుళములు, ఎనిమిది అంగుళముల ఫొటోకు 72 లక్షలు కావలెను. క్విక్‌టేక్ ఫొటోను ఈ ప్రమాణమున అచ్చువేసినచో అడ్డము రెండంగుళములకు కొంచెము పైగా మాత్రమే వచ్చును. కాబట్టి 1994లో ఆల్బముకొరకు కొనదలచినవాడు ఆగుట న్యాయమే. 2003 తరువాత వెల తగ్గునని ఆగవచ్చును గాని, ఆల్బము ఫొటో స్పష్టతకై ఆగుట వ్యర్థము. మరియొక విశేషము గమనింపదగినది. పిక్సెళ్లు రెట్టింపైనచో ఫొటో పొడవు, వెడల్పు రెట్టింపు కావు. రెండింటి వర్గమూలము మేరకు, అనగా 1.4 రెట్లు మాత్రమే పెరుగును. ప్రకటనలోని అంకె పెరిగినంతగా మన లాభము పెరుగదు.

ఆగుటకును వెల కలదు. 1999 ఆగస్టు 11వ తేదీ సాయంకాలము సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుజరాతు తీరమున మన దేశమున ప్రవేశించి, శ్రీకాకుళము ప్రాంతముమీదుగా బంగాళాఖాతములోనికి సాగిపోయెను. ఒకేచోట సంపూర్ణ గ్రహణము మరల కనబడుటకు సగటున సుమారు 375 ఏండ్లు పట్టునని లెక్క. మంచి డిజిటల్ కెమెరా చౌకయగువరకు ఆగుదమని గ్రహణమును ఆపలేము. ఆనాడు చేత ఉన్న ఫిల్ము కెమెరాయే సరియైన కెమెరా. బడి వార్షికోత్సవమైనను, ముసలి తాతగారి ముఖమైనను ఇట్టిదే. తగ్గిన వెల మరల దొరకును. గడచిన క్షణము దొరకదు.

అతిగా ఆగినవారి సంగతియు చరిత్రలో కలదు. కోడక్ కంపెనీ డిజిటల్ కెమెరాలను అమ్మకపోలేదు. కాని దాని లాభములకు ప్రధానాధారము ఫిల్మే. ఆ ఆదాయము కరగిపోగా 2012 జనవరిలో దివాలా రక్షణకై న్యాయస్థానమును ఆశ్రయించెను. డిజిటల్ కెమెరాల గతియు తలక్రిందులైనది. జపానులోని కెమెరా తయారీదారుల సంఘపు లెక్కలో 2010లో 12 కోట్లకు పైగా కెమెరాలు అంగళ్లకు చేరగా, 2023లో 80 లక్షలైనను చేరలేదు. వాటి పనిని చాలవరకు టెలిఫోనులోని కెమెరాయే చేయుచున్నది.

కాబట్టి కెమెరాను గాని, కెమెరాగల ఫోనును గాని కొనునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఫొటోను ఎంత పెద్దదిగా చూడదలచితిమి? ఇప్పుడు చేత ఉన్నది అందులకు చాలునా? తీయదలచినది మరల దొరకునా? చేత ఉన్నది చాలినచో కొననక్కరలేదు. చాలకున్నచో, తీయదలచినది మరల దొరకనిదైనచో, నేడే కొనవలెను. మరల దొరకునదైనచో నిదానముగా ఆగవచ్చును. పెద్దల మాటలు రెండును నిజమే. ఏది ఎప్పుడు వర్తించునో తెలిసికొనుటకే ఈ లెక్క. విద్యార్థులు తమ ఇంటనున్న ఫోను తీసిన ఫొటోలో అడ్డమునకు, నిలువునకు ఎన్ని పిక్సెళ్లున్నవో చూచి, ఒక్కొక్క సంఖ్యను 300చే భాగింతురు గాక. ఎన్ని అంగుళముల ఫొటో వచ్చునో తెలిసిన పిదప, క్రొత్తది కావలెనా అను మాట వారే తేల్చుకొనగలరు.