పసుపు కలువ చరిత్ర

మన చెరువులలో తెల్లకలువ, ఎర్రకలువ, నీలికలువ కనబడతాయి. పసుపు కలువ మాత్రం ఈ దేశపు మొక్క కాదు. నేడు తోటలలో పెంచే పసుపు కలువలలో పెక్కింటికి మూలమైన జాతి మెక్సికోలోను, అమెరికాలోని ఫ్లోరిడాలోను సహజంగా పెరుగుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు జుకారిని 1832లో దీనిని వర్ణించి, నింఫియా మెక్సికానా అని పేరు పెట్టినాడు.

ఫ్లోరిడా మొక్క కథ మరింత చిత్రమైనది. లైట్నర్ అనే ప్రకృతి పరిశోధకుడు దానిని నింఫియా ఫ్లావా అన్నాడు. 1838లో సెమినోల్ తెగవారితో జరిగిన యుద్ధంలో ఆయన మరణించినాడు. ఆ యేడే వెలువడిన ఆడుబాన్ హంస చిత్రంలో నీటిపై పసుపు కలువలున్నవి. లైట్నర్ పెట్టిన పేరూ ఉన్నది. కాని శాస్త్రీయ వర్ణన లేకపోవుటచే, అది చిత్రకారుని ఊహ అని పలువురు తలచినారు. 1870లలో మేరీ ట్రీట్ అనే పరిశోధకురాలు సెయింట్ జాన్స్ నదీ ప్రాంతంలో ఆ మొక్కను తిరిగి కనుగొన్నది. చిత్రం పలికినది నిజమే! మెక్సికో మొక్క, ఫ్లోరిడా మొక్క ఒకటేనని తరువాత తేలినది.

ఫ్రాన్సులో లాటూర్ మార్లియాక్ ఈ జాతిని ఐరోపా తెల్లకలువతో సంకరం చేసి, 1880లలో క్రోమాటెల్లా అనే పసుపు కలువను సృష్టించినాడు. 1889 పారిస్ ప్రదర్శనలో ఆయన కలువలు అందరినీ ఆకర్షించినవి. చిత్రకారుడు మోనే 1890లలో తన జివర్నీ కొలనుకు ఆయన వద్దనుండే మొక్కలు తెప్పించుకొన్నాడు.

వెచ్చని నేలల మొక్క గనుక, వేసవిలో 40 డిగ్రీలకు చేరువయ్యే జహీరాబాదు వంటి చోట్ల కూడా మెక్సికానా తొట్టిలో పెరుగగలదు. వెడల్పాటి తొట్టి, బంకమట్టి, పూటంతా ఎండ, ఎండిపోని నీరు ఉంటే చాలు. దోమలు పెరగకుండా గప్పీ చేపలను వదలాలి.

అయితే ఒక హెచ్చరిక. ఈ మొక్క బురదలో పాకే సన్నని కాండాలతోను, చిన్న అరటిగెలను పోలిన వేళ్ళగుత్తులతోను త్వరగా వ్యాపిస్తుంది. దక్షిణాఫ్రికా జలాశయాలలో ఇది కలుపుమొక్కగా మారినది. అందానికని తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఏమి చేసినదో మనకు తెలియనిది కాదు. కాబట్టి తొట్టిలో మిగిలిన ముక్కలను ఎండబెట్టి పారవేయాలే గాని, చెరువులోను, కాలువలోను వేయరాదు.

తెల్లకలువ రాత్రి విచ్చుకొంటుంది. ఈ పసుపు కలువ పగటివేళ విచ్చుకొంటుంది. విద్యార్థులు రెండింటినీ గమనించి, వేళలు వ్రాసిపెట్టవచ్చును. చూచినదానిని వెంటనే వివరంగా వ్రాసిపెట్టుట ఎంత అవసరమో లైట్నర్ కథే చెబుతున్నది.