జనవరి 14 ఎవరెవరి పండగ?

స్వామి వివేకానంద పుట్టింది మకర సంక్రాంతి రోజున. తేదీ 1863 జనవరి 12. రెండు మాటలూ నిజమే. కానీ మనకు జనవరి 12 అంటే ఇంకా భోగిమంటకు పాత కట్టెలు పోగేసే రోజు. జాతీయ యువజన దినోత్సవాన్ని 12నే జరుపుతారు. బేలూరు మఠం వారు తేదీని పక్కనబెట్టి పుష్య బహుళ సప్తమి నాడు జయంతి చేస్తారు. ఆయన పుట్టిన పండగేమో ఇప్పుడు 14కో 15కో వస్తోంది. ఒక్క పుట్టుకకు ముచ్చటగా మూడు రోజులు! ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి జనవరి రెండో వారం మీద నాకు మక్కువ పెరిగిపోయింది.

పండగ తేదీ ఎందుకు ముందుకు జరిగిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే ఘడియే సంక్రాంతి. పంచాంగం నక్షత్రాలను గురుతు పెట్టుకుని ఏడాదిని కొలుస్తుంది. అది సుమారు 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు. మన గోడ మీది గ్రెగోరియన్ క్యాలెండర్ ఏడాది సగటున 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు. ఏటా ఇరవై నిమిషాల తేడా. 72 ఏళ్లు తిరిగేసరికి అది ఒక రోజవుతుంది. వివేకానందుడి నాటి నుంచి ఇప్పటికి రెండు రోజులు అలా పేరుకున్నాయి.

అసలు సరదా ఇక్కడుంది. జూలియస్ సీజర్ క్రీ.పూ. 45లో అమల్లోకి తెచ్చిన రోమన్ ఏడాది సరిగ్గా 365 రోజుల 6 గంటలు. మన నక్షత్ర లెక్కకూ దానికీ తేడా తొమ్మిది నిమిషాలే. ఒక రోజు ఎడం రావాలంటే దాదాపు 160 ఏళ్లు పడుతుంది. కాబట్టి ఒకదాని ముఖం ఒకటి చూడని ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. పాత రోమన్ లెక్కలో జనవరి 1 ఇప్పుడు మనకు జనవరి 14. మనం గడప ముందు గొబ్బెమ్మలు పెట్టే పొద్దున సెర్బియాలో, రష్యాలో పాత లెక్క ప్రకారం కొత్త సంవత్సరం మొదలవుతుంది. మొరాకోలో అమాజిగ్ ప్రజల ఏడాది కూడా ఆ రోజే మొదలు. అక్కడి ప్రభుత్వం 2024 నుంచి దానికి సెలవు ఇస్తోంది. పొరుగున అల్జీరియాలో అదే పండగకు 2018 నుంచి జనవరి 12న సెలవు. పండగ ఒకటే అయినా సరిహద్దు దాటితే తేదీ మారిపోతుంది. '14నా, 15నా' అని వాదులాడుకునే మనకు ఇదేం కొత్త కాదు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన కాలం 1582 నుంచి 1753 దాకా. సీజర్ లెక్క రుతువులకు దూరమైపోతోందని పోపు పదమూడో గ్రెగరీ పది రోజులు కొట్టేశాడు. 1582 అక్టోబర్ 4 తర్వాతి రోజు అక్టోబర్ 15. స్పెయిన్‌లో ఆవిలా తెరెసా అనే సన్యాసిని ఆ నాలుగో తేదీ రాత్రే కన్నుమూసింది. మర్నాడు సమాధి చేస్తే తేదీ 15 అయింది.

కాథలిక్ దేశాలు, వాటితోపాటు హాలండ్, కొత్త లెక్క పట్టాయి. పోపు మాట మేం వినేదేమిటని ఇంగ్లండ్ భీష్మించుకుంది. ఆ పంతం మన బందరు దాకా వచ్చింది. పదిహేడో శతాబ్దపు మచిలీపట్నంలో డచ్చివారి కోఠీ, ఇంగ్లీషువారి కోఠీ రెండూ ఉండేవి. డచ్చి గుమాస్తా చిట్టాలో జనవరి 14 వేసిన రోజున ఇంగ్లీషు గుమాస్తా జనవరి 4 అని రాసుకునేవాడు. పైగా ఇంగ్లీషువారికి కొత్త సంవత్సరం మార్చి 25న గాని మొదలు కాదు, కాబట్టి సంవత్సరం అంకె కూడా ఒకటి తక్కువే. గోల్కొండ సర్కారు కాగితాల మీద హిజ్రీ తేదీ. మనవాళ్లకు తిథీ, సంవత్సరం పేరూ. ఒకే రేవులో, ఒకే ఎండలో ఇన్ని తేదీలు చెలామణీ అయ్యాయి. వారం మాత్రం అందరికీ ఒకటే. సరుకు ఎగుమతి ఆగలేదు.

చివరికి 1752లో ఇంగ్లండూ లొంగింది. అప్పటికి తేడా పదకొండు రోజులైంది. సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14 వచ్చింది. మా పదకొండు రోజులు మాకివ్వండంటూ జనం అల్లర్లు చేశారని చాలాచోట్ల రాస్తారు గానీ అది కట్టుకథ. చిత్రకారుడు హోగార్త్ ఎన్నికల మీద వేసిన ఒక బొమ్మ నుంచి పుట్టుకొచ్చింది. జరిగిన కథ అంతకంటే బాగుంటుంది. ఆ ఏడు కొత్త లెక్క ప్రకారం క్రిస్మస్ ముందు రాత్రి క్వైంటన్ అనే పల్లెలో రెండు వేల మందికి పైగా లాంతర్లు, కొవ్వొత్తులు పట్టుకుని ఒక ముళ్లచెట్టు చుట్టూ చేరారు. అది క్రిస్మస్‌కే పూస్తుందని వాళ్ల నమ్మకం. తెల్లవార్లూ చూశారు. పూయలేదు. చెట్టే ఒప్పుకోనప్పుడు మేమెందుకు ఒప్పుకోవాలని మర్నాడు పండగ చేయడానికి నిరాకరించారు. జనాన్ని సముదాయించడానికి చుట్టుపక్కల పాదిరీలు జనవరి 5న పాత క్రిస్మస్ కూడా జరుపుతామని ప్రకటించాల్సి వచ్చింది.

స్విట్జర్లాండ్‌లోని ఉర్నాష్ పల్లె అంత తేలిగ్గా లొంగలేదు. ప్రొటెస్టంట్లయిన అక్కడివాళ్లు పాత డిసెంబర్ 31ని వదల్లేదు. అది ఇప్పుడు మన భోగి సమయం, జనవరి 13. తెల్లవారుజామున మంచులో మగవాళ్లు వేషాలు కట్టి, ఛాతీకీ వీపుకీ బరువైన గంటలు తగిలించుకుని, గడ్డీ ఎండుటాకులూ కొమ్మలూ ఒంటినిండా చుట్టుకుని బయల్దేరతారు. మన హరిదాసుల్లాగా ఇల్లిల్లూ తిరుగుతారు. మాటల్లేని రాగం తీసి, ఇంటివాళ్లకు మంచి జరగాలని కోరి వెళ్తారు. కొత్త డిసెంబర్ 31న కూడా ఇదే తంతు. ఒక లెక్క కోసం ఇంకొకదాన్ని చంపుకోనక్కర్లేదని నిరూపించిన ఊరది.

మన సంగతికొస్తే, సుమారు 1,700 ఏళ్ల కిందట మకర సంక్రమణమూ, పగలు పెరగడం మొదలయ్యే ఉత్తరాయణ ఆరంభమూ ఒకే సమయానికి వచ్చేవి. ఇప్పుడు పగలు డిసెంబర్ 22 నాటికే పెరగడం మొదలవుతుంది. ఆ రోజు ఎవరికీ పట్టదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫార్సుతో 1957లో రుతువులకు సరిపోయే జాతీయ క్యాలెండర్ వచ్చింది. అందులో పుష్యం డిసెంబర్ 22నే మొదలవుతుంది. దాన్ని చూసి ముగ్గేసే ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు.

నా ఉద్దేశంలో సంక్రాంతిని వెనక్కి లాగనక్కర్లేదు. పండగను నిలబెట్టేది కొలత కాదు, ఊరి ఒప్పుకోలు. కానీ బందరు వర్తకుడికి ఉన్న తెలివిడి మనం పోగొట్టుకున్నాం. ఒకే పొద్దుకు పది లెక్కలుంటాయని అతనికి తెలుసు. మనమేమో సెలవు ఎప్పుడని ఫోన్‌లో చూసి ఊరుకుంటున్నాం. ఈసారి పంచాంగం తీసినప్పుడు తేదీ పక్కన సంక్రమణం ఏ సమయానికని రాశారో చూడండి. ఏటా ఆరు గంటల చిల్లర ముందుకు జరుగుతూ, లీపు ఏడాది దాటగానే వెనక్కి తగ్గుతుంది. 2100 లీపు సంవత్సరం కాదు. ఆ తర్వాత సెర్బియా కొత్త ఏడాది 15కు జరుగుతుంది, మన సంక్రాంతి 16లోకీ అడుగుపెడుతుంది. ఈ ఏడు భోగిపళ్లు పోయించుకునే పిల్లల్లో కొందరు అది చూస్తారు.