తలలో నాలుకలూ, అంటురోగాల లెక్కలూ

సికిందరాబాదు బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి జాడ కనిపెట్టిన సంగతి మనలో చాలామందిమి బడిలో చదువుకున్నదే. ఆయన తర్వాత లెక్కలు పట్టుకున్నాడన్నది అంతగా ప్రచారంలో లేదు. 1899లో లివర్‌పూల్ చేరిన రాస్, మలేరియా పోవడానికి ఆఖరి దోమ వరకు చంపనక్కరలేదనీ, దోమల సంఖ్య ఒక హద్దుకు దిగువకు వస్తే చాలుననీ 1911 నాటికి సమీకరణాలతో చూపాడు.

1901లో ఆయన వెంట సియర్రా లియోన్ వెళ్ళిన వైద్యుడు మెకెండ్రిక్. మన దేశంలో చాలా ఏళ్ళు పనిచేసి, 1920లో ఎడిన్‌బరో చేరాడు. అక్కడ ఆయనకు తోడైనవాడు కెర్మాక్. 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో కెర్మాక్ రెండు కళ్ళూ పోయాయి. అయినా ఇద్దరూ కలిసి 1927లో అంటురోగాల గణితానికి పునాది వేశారు. 1905-06లో బొంబాయి ప్లేగు మరణాలతో తమ లెక్కను పోల్చి చూపారు. రోగం అంటగల మనుషుల సంఖ్య ఒక హద్దుకు తగ్గితే, ఇంకా కొందరు మిగిలి ఉండగానే జాడ్యం వెనుదిరుగుతుందని తేల్చారు.

అయితే ఆ లెక్కలో ఎవరు ఎవరిని కలిసే అవకాశమైనా సమానమే. లోకం అలా లేదు. ఒకరికి నాలుగిళ్ళతో రాకపోకలుంటే, మరొకరికి నలభై ఇళ్ళతో ఉంటాయి. అటువంటి సంబంధాల వలలో ఆ హద్దు దాదాపు మాయమవుతుందని 2001లో పాస్టర్ సతోరాస్, వెస్పిన్యాని చూపారు. 2003లో కోహెన్, హావ్లిన్, బెన్ అవ్రహాం ఒక ఉపాయం చెప్పారు: ఎవరో ఒకరిని పట్టుకుని, వారికి తెలిసినవారొకరి పేరు అడిగి, ఆ రెండోవారికి టీకా వేయండి. పదిమందికీ కావలసినవారి పేరే పదేపదే వస్తుంది గనుక, తక్కువ టీకాలతో రోగం దారులు మూసుకుపోతాయి.

2020 మార్చి 25న ఉగాది. రెండు రోజుల ముందే బ్రిటన్‌లో గడప దాటవద్దన్నారు. ఆ నెలల్లో మన పెద్దవారి గుమ్మాలకు మందులూ బియ్యమూ చేర్చినవారు నలుగురైదుగురే. అందరికీ తలలో నాలుకలు వారే. లెక్క ప్రకారం అందరికంటే ముందు ప్రమాదం వారికే. తెలియకుండా రోగాన్ని మోసుకురాగలిగినవారూ వారే. వారికి ధన్యవాదాలు చెప్పాం గాని, వారి బరువు పంచుకోలేదు. ఏటా ఫ్లూ టీకాల వేళకైనా ముందు వారిని పంపుదాం. వారు ఎక్కే గుమ్మాలు మనమూ తలా రెండు ఎక్కుదాం.