ఇసుకలో దిద్దిన అక్షరం

మొన్న మా మనుమరాలి పుట్టినరోజుకు ఎవరో ఒక పెట్టె బహూకరించారు. విప్పి చూద్దును గదా, లోపల ఇసుక! మెత్తగా జల్లించి, రంగు కలిపి, సంచిలో కట్టిన ఇసుక. పిల్లలు దానిలో చేతులు పెట్టి ఆడితే స్పర్శజ్ఞానం పెంపొందుతుందని పెట్టెమీద ముద్రించి ఉన్నది. నాకు నవ్వు వచ్చింది. వెంటనే మరొకటి జ్ఞాపకం వచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. ఆ సంగతి చివర మనవి చేస్తాను. ముందు ఇసుకకూ చదువుకూ గల పాత చుట్టరికాన్ని కొంత చెప్పుకోవాలి.

మన భాషలో ఓనమాలను 'దిద్దుతారు'. గురువు వ్రాసిన అక్షరం మీద శిష్యుడు మరల మరల వ్రేలు నడపడమే దిద్దడం. వీధిబడిలో ఆ అక్షరానికి ఆధారం నేల. దానిపై పరచిన ఇసుక. తాటాకూ గంటమూ చేతికి వచ్చేది ఆ తరువాతనే. అనగా బిడ్డకు అక్షరం కంటితో పాటు వ్రేలికొనకూ తెలిసేది.

ఇది కేవలం తాతలనాటి ముచ్చట కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో సమాధానం పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంబెల్ ఈయనే. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్ళారి జిల్లాలోనిదే. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో బడులు 533. వాటిలో తెలుగు బడులు 226. పిల్లలు మొదట నేలమీది ఇసుకలో వ్రేలితో వ్రాసి అక్షరాలు నేర్చుకొంటారనీ, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుతారనీ వర్ణించి, ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సమంజసమేనని మెచ్చుకొన్నాడు.

ఇంగ్లండు అనుకరించడమేమిటని సందేహం కలుగవచ్చు. ఆ కథకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమానికి ఆయన పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు గుఱ్ఱం మీద పోతూ, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకలో వ్రేళ్ళతో వ్రాయడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అట్లే ఇసుక పరపించి, ఎనిమిదేళ్ళ బాలునిచేత చిన్నవారికి అక్షరాలు నేర్పించాడు. 1797లో లండనులో దీనిపై గ్రంథం ప్రకటించాడు. అనతికాలంలో అక్కడి బీదపిల్లల బడులలో ఇసుకబల్లలు వెలిశాయి. ఆ విధానానికి 'మద్రాసు పద్ధతి' అనే పేరు స్థిరపడింది. బెల్ విడిచివెళ్ళిన ధనంతో ఆయన స్వస్థలమైన సెయింట్ ఆండ్రూస్‌లో ఏర్పడిన పాఠశాల పేరు నేటికీ 'మద్రాస్ కాలేజ్'!

1907లో రోము నగరంలో శిశువిద్యాలయం తెరచిన మరియా మాంటిస్సోరి, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలపై పిల్లలచేత వ్రేళ్ళు నడిపించింది. ఆమె దారి వేరు, మన వీధిబడి దారి వేరు. వ్రేలికొనకు జ్ఞాపకశక్తి ఉన్నదని మాత్రం ఇరువురూ గ్రహించారు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి, మన ఉపాధ్యాయులకు తన పద్ధతిని బోధించింది.

అయితే పాతదంతా బంగారమని నేననను. బళ్ళారి జిల్లాలోని ఆ బడులన్నిటిలో కలిపి ఆడపిల్లలు అరవైమందే. చదవని పిల్లవానిని చేతులు కట్టి దూలానికి వ్రేలాడదీసే శిక్షను సైతం క్యాంబెల్ వ్రాశాడు. మనవారు దానినే కోదండం అనేవారు. ఇక వట్టికాళ్ళ విషయం. ఇష్టపడి చెప్పులు విడవడం వేరు. లేమిచేత లేకపోవడం వేరు. పెద్దకులాల ఇండ్ల ముందు చెప్పులు చేతబట్టుకొని నడవవలసిరావడం మరీ వేరు. మలంతో కలుషితమైన మట్టినుండి కొంకిపురుగు అరికాలి చర్మం గుండా దేహంలో ప్రవేశించి రక్తహీనత కలిగిస్తుంది. కనుక నేల శుభ్రంగా ఉండాలి. నేల శుభ్రంగా లేదని నేలనే లేకుండా చేయడం మాత్రం వైద్యం కాదు.

ఆ పని చేసినవారిలో నేనూ ఒకణ్ణి.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న బడిలో రెండు వేపచెట్ల క్రింద ఇసుకనేల ఉండేది. విరామంలో చిన్నపిల్లలు చెప్పులు ఒక మూల విడిచి, తడి ఇసుకలో పాదం దూర్చి, పైన అరచేత తట్టి, మెల్లగా కాలు తీసి పిచ్చుకగూళ్ళు కట్టేవారు. బట్టలు మాస్తున్నవని తల్లిదండ్రులు గొణిగేవారు. నేను తిరిగి తిరిగి నిధులు సంపాదించి ఆ నేలంతా సిమెంటు చేయించాను. చెట్లు కూడ అడ్డమని కొట్టించాను. సభ జరిగింది, శాలువ కప్పారు. మరునాడు విరామంలో పిల్లలు ఆ గచ్చు అంచున వరుసగా నిలబడి ఉన్నారు. ఎండకు కాలిన గచ్చుపై వట్టికాలు మోపలేక, ఏమి ఆడాలో తోచక, నావైపు చూస్తున్నారు. ఉద్యోగకాలమంతా పిల్లల తప్పులు దిద్దాను. ఈ ఒక్కటి నేను దిద్దుకోలేకపోయాను.

నిన్న సాయంత్రం మనుమరాలిని ఏటి ఒడ్డుకు తీసుకొని వెళ్ళాను. శుభ్రమైన చోటు చూసి, తడి ఇసుకలో పాదం పెట్టమన్నాను. చల్లగా ఉన్నదని వెంటనే కాలు తీసేసింది. కొంచెంసేపు ఇసుకవంక చూసి, నా చేయి పట్టుకొని, మళ్ళీ పెట్టింది.